ఖాళీగా మంచిగ తిరిగే బండి బరువు మీద ఎందుకు ఆగుతది? పంపు విప్పే ముందు మూత విప్పండి



ఈ పోస్టు జర పొడుగు ఉంటది. ఇంట్ల పాత ట్రాక్టరో, పాత డీజిల్ ఇంజనో ఉన్నోళ్లు మాత్రం ఆఖరుదాక చదవండి. 14,000 రూపాయలు, ఒక వాన పదును పోగొట్టుకొని నేను నేర్చుకున్న ముచ్చట ఇది. మీకైనా ఆ పైసలు మిగలాలని రాస్తున్న.

నా మాట ముందుగాలనే చెప్పేస్త. బండి ఖాళీగా మంచిగ తిరుగుతూ, బరువు పెట్టి రేస్ ఇచ్చినప్పుడే ఆగిపోతున్నదంటే దానికి శానా మట్టుకు తిండి అందుతలేదని అర్థం. మనం దాని కడుపు చూడకుండ సీదా గుండె ఆపరేషన్‌కు పంపుతున్నం. ఇంకోటి, మెకానిక్‌కు బండి ఎట్ల ఆగిందో చెప్పాల్సింది పోయి, ఏ సామాను పోయిందో మనమే చెప్తున్నం. మన పైసలు తింటున్నయి ఈ రెండు అలవాట్లే.

మాది రుద్రారం. హైవే దిక్కు చూస్తే కంపెనీల గోడలు, వెనక్కి తిరిగితే మిగిలిన చెల్కలు. నాకు మూడెకరాల ఇరవై గుంటలు ఉన్నది, ఇంకో నాలుగెకరాలు కౌలుకు చేస్త. బండి 1994 మోడల్, 35 హార్స్ పవర్, మూడు సిలిండర్లు. 2005ల సెకండ్ హ్యాండ్ కొన్న. రంగు పోయింది, సీటు రెండుసార్లు కుట్టించిన, ఇంజన్ మాత్రం ఇప్పటిదాక నన్ను చేన్ల ఇడిచిపెట్టలే. పోయిన వానాకాలం ఇడిచిపెట్టింది.

మృగశిర కార్తెల మంచి వాన పడ్డది. రెండు దినాలు ఆగి పదును చూసుకొని పత్తి కోసం కల్టివేటర్ తగిలించిన. షెడ్డు కాడ సెల్ఫ్ కొడితే ఒక్క దెబ్బకే లేచింది. చేను దాక సక్కగ పోయింది. కల్టివేటర్ దించి రేస్ ఇచ్చిన. రెండు సాళ్లు మంచిగ గుంజింది. మూడో సాలు సగంల గొంతు పట్టినట్టు అయింది. రేస్ ఇంకింత ఇస్తే ఇంకింత దిగింది. రెండుసార్లు దగ్గి ఆగిపోయింది.

పది నిమిషాలు కూసోని మల్ల సెల్ఫ్ కొడితే లేచింది! మల్ల రెండు సాళ్లు, మల్ల అదే కథ. పొద్దు గూకేదాక అరెకరం గూడ కాలేదు.

నేను మెకానిక్‌కు ఫోన్ చేసి ఏమన్ననో తెలుసా? "రేస్ ఇస్తే ఆగుతుంది, పంపు పోయినట్టుంది, వచ్చి విప్పుకపో" అన్న. ఆయన వచ్చిండు, విప్పిండు, పట్నంల పంపులు మిషన్ మీద పెట్టి చూసే కాడికి పంపిండు. నాలుగు దినాలకు తిరిగొచ్చింది. అన్ని కలిపి 14,000. షెడ్డు కాడ బిగించి అరగంట నడిపి చూసినం, గడియారం లెక్క తిరిగింది. పైసలు ఇచ్చేసిన. తెల్లారి చేన్లకు పోయిన. మూడో సాలు సగంల మల్ల ఆగింది.

అప్పటికి మీద ఎండ కొట్టి పదును ఆరిపోయింది. గట్టు మీద కూసొని కంపెనీ సైరన్ వినుకుంట మస్తు తిట్టుకున్న. బండిని తిట్టిన, మెకానిక్‌ను తిట్టిన. తిట్టాల్సింది ఎవరినో ఆ మర్నాడు తెలిసింది.

మా ఇంటి వెనక రూములు కిరాయికి ఇచ్చినం. అండ్ల ఒకాయన సిక్కోలు దిక్కు సముద్రం ఒడ్డు ఊరాయన. ఇక్కడ ఒక కంపెనీల కాంట్రాక్టు కింద పనిచేస్తడు. అంతకుముందు చిన్నప్పుడు ఊర్ల పడవ మీద, తర్వాత గుజరాత్‌ల వెరావల్ రేవుకు పోయి పెద్ద బోట్ల మీద కొన్నేండ్లు చేసిండు. నైట్ డ్యూటీ దిగి వస్తూ షెడ్డు కాడ నన్ను చూసి ఆగిండు.

"ఏటి బాబాయ్, మళ్లీ ఆగిపోనాదా?"

ఆగిపోయింది అన్న. ఆయన స్పానర్ పట్టలే, బండిని ముట్టలే. నాలుగు ప్రశ్నలు అడిగిండు. ఎంతసేపు నడిచాక ఆగుతంది? టక్కున ఆగుతందా, నీరసపడి ఆగుతందా? రేస్ తగ్గిస్తే మళ్లీ అందుకుంటందా? ఆగాక ఎంతసేపటికి లెగుస్తంది?

నేను చెప్పిన. బరువు మీద పావుగంట. నీరసపడి. తగ్గిస్తే కొంచెం అందుకుంటది. పది నిమిషాలు ఆగితే మల్ల లేస్తది.

"ఆగిన యెంటనే ట్యాంకు మూత తీసి సూసినావా?"

చూడలే. ఎందుకు చూస్త? డీజిల్ ఉన్నదని నాకు తెలుసు కద.

ఆ దినం మల్ల చేన్లకు పోయినం. బండి ఆగంగనే ఆయన మూత తిప్పిండు. "హుస్స్" అని గాలి లోపలికి గుంజుకున్న చప్పుడు వచ్చింది. నిజం చెప్పాలంటే ఆ చప్పుడు నేను అంతకుముందు కూడ విన్న, డీజిల్ పోసే టైములో. పట్టించుకోలే. మూత బిగించకుండ ఊరికె పెట్టి సెల్ఫ్ కొట్టినం. రెండు సాళ్లు, నాలుగు సాళ్లు, పది సాళ్లు. మడి మొత్తం అయింది, బండి ఆగలే.

సంగతి ఏందంటే, అంతకుముందు ఏడు వానాకాలంల పాత మూత వాషర్ అరిగి ట్యాంకులకు నీళ్లు దిగుతున్నయని, నేనే మూత మీద మందమైన ప్లాస్టిక్ కవరు కప్పి, సైకిల్ ట్యూబు ముక్కతో గట్టిగ కట్టిన. మూతకు చిన్న గాలి రంధ్రం ఉంటది. ముందే అది దుమ్ముతోటి సగం మూసుకుపోయి ఉన్నది, మిగిలింది నేను మూసిన. డీజిల్ కిందికి పోయిన కొద్ది దాని జాగల గాలి రావాలె. గాలి రాకపోతే ట్యాంకు లోపల గుంజుడు పుడతది, డీజిల్ కదలదు. గొట్టంల నీళ్లు గుంజి పై కొనను వేలుతో మూస్తే నీళ్లు కిందికి పడవు చూడండి, అచ్చం గదే.

కొత్త మూత, వాషర్ కలిపి 200 లోపే అయింది. 14,000 పెట్టి పంపు విప్పించింది నేను. తప్పు చేసింది నేను. మెకానిక్‌ది తప్పు అనడానికి లేదు, నేను "పంపు పోయింది" అన్న, ఆయన పంపు చేసి ఇచ్చిండు. డాక్టర్ కాడికి పోయి "నాకు అపెండిక్స్ ఆపరేషన్ చెయ్యి" అని అడిగినట్టే నేను అడిగిన.

మరి ఖాళీగా అరగంట మంచిగ తిరిగిన బండి బరువు మీద పావుగంటకే ఎందుకు ఆగింది? ఇది అర్థమైతే సగం మెకానిక్ పని వచ్చినట్టే.

డీజిల్ ఇంజన్‌కు ప్లగ్గు ఉండదు. గాలిని గట్టిగ ఒత్తితే అది నిప్పు లెక్క కాలుతది, ఆ వేడి గాలిలకు డీజిల్‌ను పొగమంచు లెక్క చల్లితే అంటుకుంటది. అంతే. దానికి కావాల్సినవి మూడే. డీజిల్, గాలి, ఒత్తుడు. ఈ ఇంజన్‌ను జర్మనీల తయారుచేసినాయన పేరే రుడాల్ఫ్ డీజిల్, 1897ల ఆయన ఇంజన్ సక్కగ నడిచి చూపించింది. 1900ల పారిస్ ఎగ్జిబిషన్‌ల ఒక డీజిల్ ఇంజన్‌ను పల్లి నూనె మీద నడిపించిన్రు. అంత మొండిది ఇది. పల్లి నూనె తాగి నడిచిన జాతి, ఊరికె చావదు. కాని కడుపు మాత్రం నింపాలె.

మా అసొంటి 35 హార్స్ పవర్ బండి ఖాళీగా నిలబడి తిరిగితే గంటకు ఒక లీటరు అటు ఇటు తాగుతది. దుక్కిల నాలుగైదు లీటర్లు తాగుతది. పైపుల ఏ అడ్డం ఉన్నా, ఒక లీటరు సన్నగ దిగొచ్చు. అందుకే షెడ్డు కాడ ఏ రోగం కనబడదు. నాలుగు లీటర్లు అడిగినప్పుడే దాని అసలు రంగు బయటపడుతది.

ఇంకో ముచ్చట. బరువు పడి ఇంజన్ దిగంగనే లోపల గవర్నర్ అనేది తనంతట తానే డీజిల్ పెంచుతది. మనం పై నుంచి రేస్ ఇస్తే ఇంకా అడుగుతది. వచ్చే దారి సన్నగ ఉంటే అడిగిన కొద్ది ఫిల్టర్ల, పైపుల ఉన్నది కూడ తొందరగ ఖాళీ అయితది. అందుకే రేస్ ఇస్తే బతకాల్సిన బండి రేస్ ఇస్తే చస్తది. దీన్నే మనం "పంపు పోయింది" అనుకుంటున్నం.

సిక్కోలాయన చెప్పిండు, సముద్రంల ఇది అందరికి తెలిసిన పాఠమట. చిన్న పడవల వెనక తగిలించే ఇంజన్లకు డీజిల్ ట్యాంకో, పెట్రోల్ ట్యాంకో విడిగ ఉంటది, దాని మూత మీదనే ఒక గాలి స్క్రూ ఉంటది. ఒడ్డున మోసేటప్పుడు ఒలకకుండ బిగిస్తరు. నీళ్లల దిగినంక విప్పుడు మర్చిపోతే ఇంజన్ లేస్తది, కొంత దూరం పోతది, రేస్ ఇచ్చినంక అలల నడుమ ఆగుతది. మనకు చేన్ల ఆగితే గట్టు ఎక్కి కూసుంటం. వాళ్లకు ఆగితే గాలి ఎటు కొడితే అటే. 2018 నవంబర్‌ల గుజరాత్ తీరం నుంచి వేటకు పోయిన ఉత్తరాంధ్ర మత్స్యకారులు పాకిస్తాన్ వాళ్లకు చిక్కిన్రు, శానా మంది 2020 జనవరిల గాని ఇండ్లకు రాలే. అసొంటి నీళ్ల మీద బతికేటోళ్లు ఇంజన్ ఆగంగనే పెద్ద సామాను జోలికి పోరు. ట్యాంకు మూత నుంచి మొదలుపెట్టి, వరుసగ ఒక్కొక్కటి చూసుకుంట వస్తరు. ఆ వరుస మనకు కూడ అలవాటు కావాలె.

నేను ఇప్పుడు పాటిస్తున్న వరుస రాస్తున్న. ఖర్చు లేనిది ముందు, ఖర్చు ఉన్నది ఆఖర్ల. ఒక్కసారి ఒక్కటే మార్చండి. నాలుగు ఒకేసారి మారిస్తే ఏది రోగమో ఎప్పటికి తెలువదు.

ఒకటి, ట్యాంకు మూత. వదులు చేసి బరువు మీద నడపండి. బండి నడిస్తే అక్కడికి అయిపోయింది. కొత్త మూత వెయ్యండి. వాన నీళ్లు పడొద్దంటే డబ్బా సగం కోసి ఊరికె బోర్లించండి, నా లెక్క బిగించి కట్టకండి.

రెండు, స్టాప్ వైరు, రేస్ రాడ్లు. స్టాప్ గుంజేది పూరా వెనక్కి పోతున్నదా చూడండి. తుప్పు పట్టి సగంల ఆగితే డీజిల్ సగమే పోతది. రేస్ పెడల్ తొక్కితే పంపు కాడి లివర్ ఆఖరుదాక కదులుతున్నదా, ఇంకొకరిని తొక్కమని మీరు వంగి చూడండి.

మూడు, ట్యాంకు నుంచి వచ్చే దారి. ట్యాంకు పైపు విప్పి గిన్నెల పట్టండి. ధార ఆగకుండ పడాలె. మొదలు మంచిగ వచ్చి సన్నబడుతున్నదంటే ట్యాంకు అడుగున తుప్పు, బురద, జాలీకి అడ్డం పడుతున్నట్టు. పాత రబ్బరు పైపు పై నుంచి మంచిగ కనబడి లోపల పొర ఊడి ఉంటది, గుంజుడు పడ్డప్పుడు అతుక్కపోతది. పాతబడ్డ పైపును చూసి మురిసిపోకండి, మార్చండి.

నాలుగు, గాలి పట్టుడు. పంపుకు ఇవతలి దిక్కు పైపులల్ల ఎక్కడన్న జాయింట్ వదులుంటే డీజిల్ బయటికి కారదు, గాలి లోపలికి పోతది. అందుకే కండ్లకు కనబడదు. నడుమ ఒక జానెడు తెల్లటి ప్లాస్టిక్ పైపు ముక్క పెట్టి నడిపి చూస్తే బుడగలు కనబడతయ్. చూసినంక ఆ ముక్క తీసేయండి, అది ఎండకు, వేడికి ఆగదు. విప్పిన ప్రతిసారి రాగి వాషర్ కొత్తది వెయ్యండి. పాతది తిప్పి వేసుడే సగం రోగాలకు మూలం.

ఐదు, ఫిల్టర్లు. రెండు ఉంటే రెండూ చూడండి. గిన్నెల నీళ్లు ఉన్నయా, బురద ఉన్నదా? కొత్తవి వేసినంక గాలి తీసుడు మర్చిపోవద్దు. ముందు ఫిల్టర్ మీది స్క్రూ వదులు చేసి చేతి పంపు కొట్టాలె, బుడగలు పోయి డీజిల్ నిండుగ వచ్చేదాక. తర్వాతే ఇంజన్ పంపు మీది స్క్రూ. ట్యాంకు దిక్కు నుంచి ఇంజన్ దిక్కు పోవాలె, ఉల్టా కొడితే గాలి లోపలనే ఉంటది.

ఆరు, డబ్బా పరీక్ష. సిక్కోలాయన నేర్పిన దాంట్ల నాకు అన్నిటికన్న నచ్చింది ఇదే. శుభ్రమైన ఐదు లీటర్ల డబ్బాల మంచి డీజిల్ పోసి, ఇంజన్ కన్న ఎత్తుల, సైలెన్సర్‌కు దూరంగ గట్టిగ కట్టండి. దాని నుంచి కొత్త పైపు సీదా ఫీడ్ పంపుకు తగిలించండి. డబ్బా మూతకు రంధ్రం ఉండాలె సుమా! గాలి తీసి చేన్ల రెండు సాళ్లు తిప్పండి. బండి గుంజిందంటే రోగం ట్యాంకు, పైపుల దిక్కు. అట్లనే ఆగిందంటే రోగం ఫీడ్ పంపు నుంచి ఇంజన్ దిక్కు. ఒక్క పరీక్షతోటి సగం బండి మీద అనుమానం పోతది.

ఏడు, గాలి. మనది కంపెనీల దుమ్ము, హైవే దుమ్ము, చేను దుమ్ము కలిసిన జాగ. ఆయిల్ ఉండే ఎయిర్ క్లీనర్ అయితే గిన్నె విప్పి చూడండి, ఆయిల్ అంబలి లెక్క చిక్కబడి ఉంటది. శుభ్రంగ కడిగి గీత దాక కొత్త ఆయిల్ పోయాలె, గీత దాటొద్దు. శానా దినాలు నిలబెట్టిన బండి అయితే గాలి గొట్టంల, సైలెన్సర్‌ల కందిరీగ మట్టి గూడు పెడుతది, ఎలుక గడ్డి పెడుతది. నవ్వకండి, నేను చూసిన.

ఇవన్ని అయినంకనే ఫీడ్ పంపు, నాజిళ్లు, ఆఖర్ల పెద్ద పంపు, లోపలి ఒత్తుడు.

పెద్ద పంపు సంగతి ఎందుకు ఆఖర్ల అంటున్న? దాంట్ల ఒక కడ్డీ ఒక గొట్టంల ఆడుతది. వాటి నడుమ సందు మన వెంట్రుక మందంల ఇరవయ్యో వంతు గూడ ఉండదు. జర్మనీల బాష్ కంపెనీ 1927 నుంచి పెద్ద ఎత్తున చేసింది. మన దేశంల బెంగుళూరు మైకో 1951ల మొదలైంది, అందుకే మన పాత మెకానిక్‌లు ఇప్పటికి మైకో పంపు అంటరు. అంత సన్నటి పనిని చేను గట్టు మీద విప్పుడు పాపం. దాన్ని చెడగొట్టేది నీళ్లు, దుమ్ము. ముందు ఉన్న ఫిల్టర్లు మంచిగ ఉంటే అది ఏండ్ల తరబడి ఆగుతది. నిజంగ పోయిందని తేలితే మాత్రం మిషన్ మీద పెట్టి కొలిచే జాగకే పంపండి, అందాజుగ స్క్రూలు తిప్పేటోని చేతికి ఇయ్యకండి.

ఒక హెచ్చరిక. మన ట్రాక్టర్ వెనక టైరుల గాలి చదరపు సెంటీమీటరుకు ఒక కేజీ చుట్టుపక్కల ఉంటది. నాజిల్ కాడ డీజిల్ 200 కేజీల చుట్టుపక్కల ఉంటది. ఇంజన్ నడిచేటప్పుడు ఆ సన్నటి ఇనుప పైపులు కారుతున్నయా అని ఉత్త చేయి పెట్టి చూడొద్దు. సూది లెక్క తోలు చీల్చి లోపలికి పోతది. చిన్న చుక్క గాయమే కనబడుతది గాని, ఆ దినమే పెద్ద దవాఖానకు పోకపోతే వేలు, చేయి పోయే ప్రమాదం. ఆ దిక్కు పని మెకానిక్‌కే ఇడవండి.

పొగను గూడ చూడండి, అది బండి మాట్లాడే భాష. నల్లపొగ కక్కుకుంట గుంజలేకపోతే డీజిల్ పోతున్నది గాని గాలి చాలుతలేదు, లేదంటే నాజిల్ సక్కగ చల్లుతలేదు, లేదంటే బరువే ఎక్కువ. పొగ పల్చబడుకుంట ఆగితే డీజిల్ అందుతలేదు. తెల్లపొగతోటి తట్టుకుంట నడిస్తే నీళ్లు కలిసినయో, గాలి పట్టిందో. నీలం పొగ అయితే ఇంజన్ ఆయిల్ కాలుతున్నది, అది వేరే లెక్క. నా బండి ఆగినప్పుడు పొగ లేదు. అది నాకు చెప్పింది, నేను వినలే.

మందు కొట్టే పెట్రోల్ స్ప్రేయర్లు ఉన్నోళ్లకు ఒక మాట. చిన్నగ తిరిగి, రేస్ ఇయ్యంగనే ఆగితే అక్కడ కూడ ఇదే సూత్రం. ముందు మూత గాలి రంధ్రం, తర్వాత ట్యాంకుల చిన్న ఫిల్టర్, తర్వాత కార్బురేటర్. అండ్ల చిన్నగ తిరగనీకి ఒక దారి, రేస్‌కు ఒక పెద్ద దారి ఉంటయ్. పోయిన పంటకాలం పెట్రోల్ అట్లనే ఇడిచిపెడితే అది జిగురుగ మారి పెద్ద దారిని మూస్తది. పైగ ఇప్పుడు బంకుల వచ్చే పెట్రోల్‌ల 20 శాతం ఇథనాల్ కలుస్తున్నది. ఇథనాల్ గాలిల తేమను పట్టుకుంటది, పాత రబ్బర్లకు మంచిది కాదు. అందుకని పని అయిపోయినంక ట్యాంకు ఖాళీ చేసి, ఉన్నది కాలిపోయి దానంతట అది ఆగేదాక నడిపి పెట్టండి.

ఇగ అసలు నా బాధ.

మా నాయిన కాలంల బావుల మీద డీజిల్ ఇంజన్లు ఉండె. ఊర్ల ప్రతి రైతుకు గాలి తీసుడు వచ్చు. పదేండ్ల పోరడు స్పానర్ తెచ్చి స్క్రూ వదులు చేసేటోడు. కరెంటు బోర్లు వచ్చినయ్, మంచిదే. ఇంజన్లు మూలకు పడ్డయ్, వాటి తోటి ఆ ఇద్య కూడ మూలకు పడ్డది. ఇప్పుడు మన పోరగాండ్లు పటాన్‌చెరు, పాశమైలారం కంపెనీలల్ల కోట్ల రూపాయల మిషన్లు నడిపిస్తున్నరు. మన జిల్లా జహీరాబాద్‌లనే ట్రాక్టర్లు తయారైతున్నయ్. కాని ఇంటి ముంగట ఉన్న ట్రాక్టర్ ట్యాంకు మూతకు రంధ్రం ఎందుకు ఉంటదో ఇంట్ల ఎవరికి తెలువదు. నాకే తెలువలే, ఇంకెవరిని అంట?

నా కొడుకు కూడ కంపెనీలనే చేస్తడు. బండి ఆగిన దినం రాత్రి ఫోన్‌ల లెక్కలు చూపించి "అమ్మేద్దాం నాయినా, లోన్ మీద కొత్తది తీసుకుందాం" అన్నడు. వాడు అన్నది తప్పు కాదు. పది, ఇరవై ఎకరాలు చేసేటోళ్లకు, కిరాయిలకు తిప్పేటోళ్లకు కొత్తది కావాలె. మూడెకరాలోనికి, కౌలు రైతుకు నెల నెల కిస్తీ అంటే పంట రాకముందే పంటను అమ్ముకున్నట్టు. ఆ పూట కోపంల నేను ఊ అంటే పాత ఇనుము ధరకు బండి పోతుండె, నా మెడకు కిస్తీ పడుతుండె. 200 రూపాయల మూత కోసం!

ఎన్ని బండ్లు గిట్లనే పోయినయో ఆలోచించండి. "ఆ బండి లోడ్ గుంజుతలేదు" అని అగ్వకు అమ్ముతం. కొన్నోడు ఫిల్టర్ మార్చుకొని పదేండ్లు దున్నుకుంటడు.

నేను మెకానిక్‌లను వద్దంటలేను. వాళ్లు లేకపోతే మన ఎవుసం లేదు. వాళ్లకు సక్కగ చెప్పమంటున్న. ఈసారి ఫోన్ చేసినప్పుడు "పంపు పోయింది" అనకండి. గిట్ల చెప్పండి. "ఖాళీగా మంచిగ తిరుగుతుంది. బరువు మీద ఇన్ని నిమిషాలకు నీరసపడి ఆగుతుంది. పొగ ఈ రంగు. ఆగినంక ఇంతసేపటికి లేస్తుంది. మూత వదులు చేసి చూసిన, ఫిల్టర్ మార్చిన, డబ్బా పెట్టి చూసిన." అట్ల చెప్తే మంచి మెకానిక్ సంతోషపడతడు, సగం పని మనం చేసినట్టే. ఇంకోటి, చేసినంక షెడ్డు కాడ చూసి పైసలు ఇయ్యకండి. నాలుగు సాళ్లు దున్నిచ్చి ఇయ్యండి. ఇది ఇద్దరికి మంచిది.

నేనొక చిన్న పని మొదలుపెట్టిన. షెడ్డు గోడకు నోటుబుక్కు వేలాడదీసిన. ఎప్పుడు ఫిల్టర్ మార్చిన, ఎప్పుడు ఆయిల్ పోసిన, ఎప్పుడు ఎట్ల ఆగింది అని తారీఖు వేసి రాస్తున్న. డీజిల్ డబ్బాల తెస్తే ఒక రాత్రి కదలకుండ పెట్టి, అడుగున ఉన్నది ట్యాంకుల పోస్తలేను. సాయంత్రం పని అయినంక ట్యాంకు నింపుతున్న, ఖాళీ ట్యాంకుల రాత్రి చల్లదనానికి చెమ్మ పట్టి నీళ్లు అయితయ్.

పోయిన ఆదివారం నా కొడుకును, మనుమడిని షెడ్డు కాడికి పిలిచి ఫిల్టర్ విప్పించిన. కొడుకు చేతులకు డీజిల్ అంటిందని ముఖం ముడిచిండు గాని, బుడగలు పోయి డీజిల్ నిండుగ వచ్చినప్పుడు నవ్విండు. సిక్కోలాయన పక్కన నిలబడి చాయ్ తాగుకుంట చూసిండు. ఆయనకు ఆ దినం పైసలు ఇయ్యబోతే తీసుకోలే. "సముద్రంల ఇంజన్ ఆగినోడికి పైసలు తీసుకొని సెప్తామా బాబాయ్" అన్నడు.

అందుకే నేను కూడ ఊరికెనే చెప్తున్న. యాసంగి దుక్కులు మొదలుగాకముందే ఒక పూట తీసి మీ బండి మూత విప్పి, గాలి రంధ్రంల సన్నటి తీగ పెట్టి చూడండి. ఇంట్ల పోరగాండ్లను పక్కన నిలబెట్టుకొని చూడండి.

ఉంట మరి.